మా పెద్దనాయన శృతి నాలుగు

ఆ డీవీడీ కవరు మీద కిరీటం పెట్టుకున్న మా పెద్దనాయన ముఖం చుట్టూ గులాబీలు అచ్చు వేశారు. పెళ్లి డీవీడీలకు వాడే కవరే అది. వధూవరుల పేర్లు ఉండాల్సిన చోట నాటకం ఆడిన ఊరి పేరు రాసి ఇచ్చారు. నా కోపం అక్కడే మొదలైంది. లోపల ఏం చేశారో తెలిశాక ఆ గులాబీలను క్షమించవచ్చనిపించింది.

మా పెద్దనాయనకు బనగానపల్లె దగ్గరి పల్లెలో మామిడితోట ఉంది. అయితే ఆ చుట్టుపక్కల ఎవరూ ఆయన్ను తోటతో గుర్తుపట్టరు. ఇరవై ఏళ్లకు పైగా పౌరాణిక నాటకాల్లో రాజు వేషం వేసి పద్యాలు పాడిన మనిషిగానే గుర్తుపడతారు. తర్వాత గొంతులో గడ్డ వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి మనిషిని దక్కించారు. పాట మాత్రం పోయింది. మాట కూడా గాలితో కలిసి గుసగుసగా వస్తుంది, పక్కన కూర్చుంటే తప్ప వినపడదు.

ఆయన పాడిన పాట ఈ లోకంలో ఒక్క చోటే మిగిలింది. తొంభైల్లో వాళ్ల నాటక సమాజం ఆత్మకూరులో ఆడినప్పుడు ఒక పెళ్లిళ్ల వీడియో అతను సరదాకు తీసిన క్యాసెట్ అది. నాటకం తెల్లవార్లూ ఆడారు, క్యాసెట్ పట్టినంత మేరకే అతను తీశాడు. ఆ మాత్రం మిగలడం మా అదృష్టం.

ఇక్కడ శృతి సంగతి చెప్పాలి. మా వైపు నాటకాల వాళ్లు నటుణ్ని శృతితో కొలుస్తారు. హార్మోనియం మెట్లకు అంకెలుంటాయి: ఒకటి, ఒకటిన్నర, రెండు, అలా పైకి పోతాయి. ఏ మెట్టును ఆధారం చేసుకుని పద్యం ఎత్తుకుంటాడో అదే అతని శృతి. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి వెళ్లాలి. కొత్త నటుడు ఊళ్లోకి వచ్చాడంటే వేషం ఎలా ఉంటుందని అడగరు, "ఎంతలో పాడతాడప్పా?" అంటారు. ఐదులో పాడేవాళ్లకు ఒక మర్యాద, ఐదున్నరలో పాడేవాళ్లకు ఇంకో మర్యాద. మా పెద్దనాయన నాలుగు. నాలుగులో ఎత్తుకుని, నాలుగులోనే నిలబడి, చివరి పద్యం దాకా ఒక్కసారి కూడా మూడుకు దిగని మనిషని ఆయనకు పేరు. ఆయన మీసాలకంటే ఆ అంకెనే ఎక్కువ చూసుకునేవాడు.

డీవీడీలు వచ్చాక ఒక ఏడాది ఊళ్లో తిరునాళ్లకు కొత్త నాటక సమాజాన్ని పిలిచారు. ఆట మొదలయ్యే ముందు స్టేజీ మీద పెద్ద టీవీ పెట్టి పెద్దనాయన పాత నాటకం కాసేపు చూపిస్తామని కుర్రవాళ్లు వచ్చి అడిగారు. ఆపరేషన్ తర్వాత ఏ నాటకానికీ పోని మనిషి ఒప్పుకున్నాడు. ఇంట్లో వీసీఆర్ ఎప్పుడో పాడైపోయింది కాబట్టి క్యాసెట్‌ను దగ్గరి టౌన్లో స్టూడియోకి ఇచ్చారు. గులాబీల కవరు అక్కడినుంచే వచ్చింది.

నేను కడపలో ఇంజనీరింగ్ చదివి అప్పట్లో కర్నూల్లో ఉద్యోగం చేస్తున్నాను. ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లేసరికి టీవీలో నాటకం నడుస్తోంది. మంచం మీద, ఒకప్పుడు పెద్దనాయన పక్కన మంత్రి వేషం వేసిన మా మామ కాళ్లు మడిచి కూర్చుని తల ఊపుతున్నాడు. పెద్దనాయన టీవీకి వీపు పెట్టి వాకిలి వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఐదులో పాడినావు కదప్పా," అంటున్నాడు మామ. "నేను పక్కనే నిలబడుకోనింటి. నాకే తెలీకపాయ."

"నాది నాలుగు," అన్నాడు పెద్దనాయన గుసగుసగా.

"నాలుగో, ఐదో. చెవికైతే ఐదు వస్తాండాది. వచ్చేదాన్ని ఏంటికి తోసేస్తావు? తీసుకో."

"ఎవనిదో గొంతు తెచ్చి నా నోట్లో పెట్టినారు."

వంటింట్లోంచి పెద్దమ్మ కలగజేసుకుంది. "నీ గొంతే అది. ఇన్నేండ్లు నీతో తిట్లు తిన్నదాన్ని, నాకు తెలీదా? కొంచెం పిల్లోని గొంతు మాదిరి ఉండాది, అంతే."

"అప్పుడు వయసు తక్కువ కదమ్మా," అని మామ సర్దిచెప్పాడు.

నేను టీవీ ముందు కూర్చుని చూశాను. గొంతు పెద్దనాయనదే. కానీ ఎవరో చొక్కా పట్టుకుని పైకి లేపినట్టు ఉంది. మనుషులు కూడా కొంచెం తొందరగా నడుస్తున్నారు. పెద్దనాయన గద తిప్పుతుంటే బరువైనదాన్ని తిప్పుతున్నట్టు లేదు, విసనకర్ర తిప్పుతున్నట్టుంది. ఆ తొందర ఎంత తక్కువంటే చెప్పకపోతే ఎవరికీ పట్టదు, చెప్పాక చూడకుండా ఉండలేం.

పెద్దనాయన నన్ను అటక ఎక్కించి హార్మోనియం దింపించాడు. ఆత్మకూరులో వాయించిందీ ఆ పెట్టెనే. సమాజం ఆగిపోయాక అది ఆయన దగ్గరే ఉండిపోయింది. టీవీలో పద్యం ఆయన ఎత్తుకునే చోటికి తెచ్చి, నాలుగు మెట్టు నొక్కాడు. గొంతు దాని పైన ఎక్కడో ఉంది. నాలుగున్నర నొక్కాడు. ఇంకా పైనే ఉంది. ఐదు నొక్కితే గొంతు కిందపడింది. రెండు మెట్ల మధ్య, హార్మోనియంలో చోటే లేని చోట, మా పెద్దనాయన పాడుతున్నాడు.

"చూసినావా," అన్నాడు. "పెట్టెలో లేని శృతిలో ఏ నా కొడుకు పాడతాడు?"

"నాపరాళ్ల ఫ్యాక్టరీలు ఆపింటారు, కరెంటు ఎక్కువ వచ్చి స్పీడు పెరిగింటాది," అన్నాడు మామ. టేపు రికార్డరు కాలంలో అయితే ఆ మాట ఆలోచించదగ్గదే. డీవీడీ ప్లేయరుకు మాత్రం వర్తించదు. కరెంటు ఎక్కువైనా తక్కువైనా అది ఆగిపోతుంది గానీ గొంతు పెంచదు.

పెద్దనాయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ రాత్రి ఆత్మకూరులో జనం లేచి వన్స్‌మోర్ అని అరిస్తే ఒక పద్యం మొత్తం రెండోసారి పాడాడు. క్యాసెట్‌లో అది ఉండేది. డీవీడీలో లేదు.

ఆయన బాధ నాకు అప్పటికి అర్థమైంది. స్టేజీ మీద ఈ డిస్కు వేస్తే ఊరంతా మెచ్చుకుంటుంది. ఐదులో పాడాడంటుంది. ఆయన కాదని చెప్పడానికి గొంతు లేదు. తనది కాని గొప్పను అందరి ముందూ మోసి, ఇంటికొచ్చి పడుకోవాలి. "అది వేసేటట్టయితే నేను తోటలోకి పోయి పండుకుంటా," అన్నాడు.

స్టూడియోకి వెళ్లాను. యజమాని మర్యాదస్తుడే, కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నా కోపానికి ఆ టీ అడ్డం పడింది.

"అన్నా, సౌండు ఎంతలో ఎక్కించినావు?"

"ఫుల్లులోనే పెట్టినాప్పా. వినపడలేదా?"

"వాల్యూము కాదన్నా. ఒకసారి కంప్యూటర్ చూపిస్తావా?"

చూపించాడు. దాచుకునే ఉద్దేశమే అతనికి లేదు, తప్పు చేశానని తెలిస్తే కదా దాచుకోవడానికి. కంప్యూటర్ ధ్వనిని సన్నటి ముక్కలుగా కోసి దాచుకుంటుంది. ఇతని మిషను సెకనుకు నలభై నాలుగు వేల నూరు ముక్కలుగా కోసింది. పాటల సీడీలకు అదే లెక్క. డీవీడీకి మాత్రం సెకనుకు నలభై ఎనిమిది వేలు కావాలి. పాత లెక్కలో కోసినదాన్ని కొత్త లెక్కకు సరిగ్గా మార్చాలి. ఇతను మార్చలేదు, పైన చీటీ మాత్రం మార్చాడు. అప్పుడు మిషను అవే ముక్కలను తొందరతొందరగా ఖర్చు పెట్టేస్తుంది. గొంతు పైకి పోతుంది, పాట ముందే అయిపోతుంది. పెట్టె మీద నాలుగు తర్వాతి మెట్టు నాలుగున్నర, దాని తర్వాతిది ఐదు; గొంతు పెరిగేది అట్లాంటి మెట్లు ఒకటిన్నరకు కొంచెం తక్కువ. నాలుగు నుంచి లెక్కపెడితే సరిగ్గా నాలుగున్నరకూ ఐదుకూ మధ్య పడుతుంది. పెద్దనాయన వేళ్ల కింద దొరకని చోటు అదే.

అంతవరకూ అది పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. నాకు ఒళ్లు మండింది దాని తర్వాత చేసిన పని చూసినప్పుడు. బొమ్మ వేగం దగ్గర నూటికి తొమ్మిది వంతులు పెంచి ఉంది.

"ఇదేంటన్నా?"

"అదా. సౌండు ముందే అయిపోతాండె. బొమ్మ ఇంకా ఆడతానే ఉండాది. పెదాలు ఒకచోట, మాట ఒకచోట. ఇట్లిస్తే మీరు ఊరుకుంటారా? అందుకని బొమ్మను కూడా సౌండుకు సరిపోయేటట్టు లాగినా." కుర్చీలో వెనక్కి వాలాడు. "శానా కష్టపడినాప్పా దానికి."

అంటే సౌండులో ఏదో తేడా ఉందని అతనికి కనపడింది. గడియారం తప్పు నడుస్తోందని తెలిసి సూర్యుణ్ని ముందుకు తోశాడు. మా పెద్దనాయన నడక, చెయ్యి తిప్పడం, ఊపిరి పీల్చడం అన్నిటినీ ఆ తప్పుకు సరిపెట్టి, అంతా బాగుందని గులాబీల కవరులో పెట్టి ఇచ్చాడు. పెదాలూ మాటా కలిసిపోవడంతో ఇక ఎవరికీ అనుమానం రాదు. మామకే రాలేదు, పక్కన నిలబడి మంత్రి వేషం వేసిన మనిషికి.

"మరి ఒక పద్యం రెండోసారి పాడింది లేదే?"

"అదే పద్యం మళ్లీ వచ్చిందప్పా. క్యాసెట్లో డబుల్ పడిందేమో అనుకోని కట్ చేసినా. దానికి ఏమీ తీసుకోల్యా."

ఒక నటుడికి ఊరు ఇచ్చే గౌరవాల్లో వన్స్‌మోర్‌ను మించింది లేదు. అతను దాన్ని మరకలాగా తుడిచేశాడు, పైగా ఉచితంగా. క్యాసెట్ వాపసు అడిగాను.

"డీవీడీ ఇచ్చినాం కదా. ఇంక క్యాసెట్టు ఏంటికి?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. పాత క్యాసెట్లన్నీ స్టెబిలైజరు పక్కన గోనెసంచిలో ఉన్నాయి, పాత సామాన్ల వాడు వస్తే వేసేస్తారట. నేనే కింద కూర్చుని సంచి మొత్తం బోర్లించి వెతికాను. ఎవరెవరివో పెళ్లిళ్లు, పుష్పాలంకరణలు, గృహప్రవేశాలు. అట్టడుగున పెద్దనాయన చేతిరాతతో ఆత్మకూరు దొరికింది. అతను పాపం పొడి గుడ్డతో దుమ్ము తుడిచి ఇచ్చాడు. అందువల్లే గట్టిగా తిట్టలేకపోయాను. ఆ తిట్లన్నీ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

కర్నూల్లో నా గదిలో, ఇంటి ఓనరు దగ్గర అడిగి తెచ్చిన వీసీఆర్‌ను నా కంప్యూటర్‌కు తగిలించి మళ్లీ మొదలుపెట్టాను. స్టూడియో అతని మీద నాకున్న కోపంలో కొంత అక్కడ కంప్యూటర్ మీదికి మళ్లింది. టేపుకు తెల్లటి బూజు పట్టింది. వీసీఆర్ హెడ్డును స్పిరిటుతో తుడిచి తుడిచి నడిపించాను. వీడియోను కంప్యూటర్లోకి పట్టడానికి కొన్న కార్డుతో వచ్చిన సాఫ్ట్‌వేరు అడగకుండానే అమెరికా పద్ధతి ఎంచుకుంది. మన టీవీల లెక్క సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు, దానిది ముప్పై. రాజు మెట్లు దిగుతుంటే ప్రతి అడుగులో తడబడ్డాడు. అది సరిచేస్తే గద తిప్పినప్పుడల్లా రెండు గదలై వణికింది. టీవీ ఒక్కో బొమ్మను రెండు విడతల గీతలుగా వేస్తుంది, అందులో సరి గీతలు ముందా బేసి గీతలు ముందా అన్న చోట అది తలకిందులు పెట్టుకుంది. ఫైలు నాలుగు జీబీ దాటగానే చెప్పాపెట్టకుండా రాయడం ఆపేసింది. కంప్యూటర్ హార్డ్ డిస్కును పాత పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉన్నందుకు అది.

ఇంతలోనూ ఆ సాఫ్ట్‌వేరు ప్రతిసారీ చివర్లో పని విజయవంతంగా పూర్తయిందనే చెప్పింది. తడబడే రాజుకూ అదే మాట, సగంలో తెగిపోయిన పద్యానికీ అదే మాట. నేను చదివిన నాలుగేళ్లలో, తప్పు జరిగితే తప్పని చెప్పని మిషన్ను మిషను అనవచ్చని ఎవరూ నేర్పలేదు. ఇంటర్నెట్ సెంటరుకు పోయి వెతికితే, నాలాంటి వాళ్లు రాసుకున్న ప్రశ్నలే పేజీలకు పేజీలు ఉన్నాయి. జవాబుల్లో చాలావరకు కొత్త కార్డు కొనుక్కోమన్న సలహానే.

అన్నిటికంటే సతాయించింది సౌండు జారడం. ఈసారి ముక్కల లెక్క మొదటినుంచీ నలభై ఎనిమిది వేలే పెట్టాను. అయినా మొదట్లో కలిసి ఉన్న పెదాలూ మాటా పోనుపోను విడిపోయాయి. రాజు నోరు మూశాక మాట వచ్చింది. స్టూడియో అతను కూడా ఈ చిక్కు దాకా వచ్చి ఉంటాడు. బొమ్మను కొంచెం లాగితే సరిపోతుంది, ఎవరికీ తెలియదు. నా చెయ్యి కూడా అటే పోవాలని చూసిందని ఒప్పుకుంటాను. కానీ పెద్దనాయన వేలు నాలుగు మెట్టు మీద ఉండటం నాకు కనపడుతూనే ఉంది. లాగకుండా వెతికాను. బూజు పట్టిన చోట్ల కార్డు కొన్ని బొమ్మలను పట్టుకోలేక వదిలేస్తోంది, సౌండు మాత్రం వదలకుండా పోతోంది. వైరస్‌లు వెతికే ప్రోగ్రాము మధ్యలో లేచినప్పుడు ఇంకొన్ని పోతున్నాయి. ఆ ప్రోగ్రాములన్నీ ఆపి, నాటకాన్ని చిన్న చిన్న భాగాలుగా ఎక్కించి, ఏ భాగానికాభాగం విడిగా సరిచూశాను. సరిచూడటానికి గద పనికొచ్చింది. రాజు గదను స్టేజీ చెక్కల మీద కొట్టే చోట్లున్నాయి. గద తగిలిన బొమ్మలోనే చప్పుడు రావాలి. ఒక్క బొమ్మ అటూ ఇటూ అయినా ఆ భాగం మళ్లీ మొదటికే.

తీరా డిస్కు రాసి ఊరికి తీసుకెళ్తే పెద్దనాయన ప్లేయరు అది డిస్కే కాదంది. ఖాళీ డిస్కుల్లో ప్లస్ గుర్తువీ మైనస్ గుర్తువీ అని రెండు రకాలు, పాత ప్లేయర్లకు ప్లస్‌వి పడవు. మైనస్ గుర్తు డిస్కు తెచ్చి, నిదానంగా రాసి మళ్లీ వెళ్లాను.

ఈసారి ఆయన టీవీకి ఎదురుగా కూర్చున్నాడు, ఒళ్లో హార్మోనియం. ఆత్మకూరులో వన్స్‌మోర్ కొట్టిన పద్యం వచ్చే ముందే నాలుగు మెట్టు నొక్కి తిత్తి ఆడించాడు. గొంతు వచ్చి దాని మీద కూర్చుంది. పెట్టెలోంచి వచ్చేది ఏదో టీవీలోంచి వచ్చేది ఏదో కాసేపు తెలియలేదు. పద్యం అయ్యేదాకా ఆయన కదల్లేదు.

"మూడో పాదంలో జారినా," అన్నాడు చివరికి. "ఆ పొద్దు కూడా తెలిసింది నాకు. స్టూడియోదాంట్లో అది వినపడలా."

"జారింది వినపడితే మంచిదా నీకు?" అంది పెద్దమ్మ.

"అది నేనే అని తెలిసింది కదా."

నా పని అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఈలోగా స్టూడియో డిస్కును మామ తీసుకెళ్లి నలుగురికి చూపించాడు, వాళ్లు కాపీలు తీయించుకున్నారు. తిరునాళ్ల నాటికి పెద్దనాయన ఐదులో పాడాడని ఊరంతా మాట పాకిపోయింది. స్టేజీ దగ్గర టీవీ సర్దుతున్న కుర్రవాడికి నా డిస్కు ఇస్తే కాసేపు వేసి చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అన్నా, పాతదే వేద్దాంలే. దాంట్లో గొంతు హైగా ఉండాది. దీంట్లో డల్లుగా ఉండాది."

"డల్లు కాదు, అదే అసలుది."

"అసలుది అయితే ఏమి, జనానికి ఏది బాగుంటే అది కదన్నా."

మామ కూడా అతని పక్షమే. "ఏమప్పా, ఐదు అని అందరికీ చెప్పినా. ఇప్పుడు నాలుగు అంటే నా మొగం యాడ పెట్టుకోవాల?"

పెద్దనాయన నన్ను ఇంటికి పంపి హార్మోనియం తెప్పించాడు. స్టేజీ మీద టీవీ పక్కన చాప వేయించుకుని కూర్చున్నాడు, మైకును తన నోటికి కాకుండా పెట్టెకు ఎదురుగా దింపించాడు. అంతమంది ముందు ఆయన స్టేజీ ఎక్కడం ఆపరేషన్ తర్వాత అదే మొదలు. డిస్కుల సంగతి ఇంకెవరూ ఎత్తలేదు. నేను నాది పెట్టాను.

నాలుగు మెట్టు మైకులో మోగింది. ఆయన దాన్ని అట్లాగే పట్టుకున్నాడు, జనం మాటలు తగ్గేదాకా. తర్వాత టీవీలో రాజు పద్యం ఎత్తుకున్నాడు. ముందు వరసల్లో ముసలివాళ్లు కొందరు తల ఎత్తారు. వెనక నుంచి ఎవరో, "గొంతు తగ్గిందే ఈయప్పది," అన్నారు. నాకు లేచి పోయి ఆ మనిషి ముందు నలభై ఎనిమిది వేల లెక్క మొత్తం చెప్పాలనిపించింది. పెద్దనాయన వేలు మెట్టు మీదనుంచి తీయలేదు.

పద్యం అయింది. టీవీలో ఆత్మకూరు జనం లేచి వన్స్‌మోర్ అని అరిచారు. రాజు మీసం సర్దుకుని, గద భుజం మార్చుకుని, అదే పద్యం మొదటినుంచీ ఎత్తుకున్నాడు.

"ఇరుక్కునిందప్పా డిస్కు," అన్నాడు టీవీ దగ్గరి కుర్రవాడు. "మళ్లీ అదే వస్తాండాది. ముందుకు జరుపన్నా."

మా ఊరి స్టేజీ మీద, మా ఊరి పిల్లవాడే, స్టూడియో అతను అన్న మాటే అన్నాడు. నా చేతిలోని రిమోటు కోసం చెయ్యి చాపాడు. నేను పెద్దనాయన వైపు చూశాను. ఒక చెయ్యి తిత్తి మీద, ఒక చెయ్యి మెట్టు మీద, ఆయన తల మాత్రం అడ్డంగా ఊపాడు.

రిమోటు జేబులో పెట్టుకున్నాను. పద్యం రెండోసారి కూడా నాలుగులోనే నడిచింది. మూడో పాదంలో ఈసారి ఆయన జారలేదు.